కళ్లంలో పక్కలు మారుట గురించి

కోవూరు,
20 జనవరి 2025

చెల్లెలు రేవతికి,

కుటుంబ వ్యవహారాలు నడపడానికి ఒక పద్ధతి ఉన్నది. ఆ పద్ధతి మన నాన్న చెంచురామయ్య గారి హయాంలో సక్రమంగా అమలై, ఆయన తదనంతరం కొంత సడలి, వాట్సాప్ వచ్చిన తరువాత పూర్తిగా నశించినది. కావున తెలియజేయునది ఏమనగా, ఇకపై మన ఇద్దరి మధ్య నడిచే ప్రతి విషయమూ కాగితం మీద, తేదీతో, సంతకంతో, రిజిస్టర్డ్ పోస్టులో నడవవలెను. వాయిస్ మెసేజి సాక్ష్యం కాదు. బొటనవేలి బొమ్మ సమ్మతి కాదు. రెండు చేతులు జోడించిన బొమ్మ నమస్కారమో క్షమాపణో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నీవు పంపిన చివరి మెసేజిలో ఎర్రటి ముఖం ఒకటి ఉన్నది. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో కిందివాళ్లెవరూ నాకు అటువంటి ముఖం పంపలేదు.

ఇక అసలు విషయం. నాన్న మన ఇద్దరి పేరా రాసిన కళ్లంలో వడ్లు నూర్చి ఎన్నాళ్లయినదో నీకూ తెలుసు. ఇప్పుడు మిషను కోస్తుంది, మిషనే నూరుస్తుంది, ధాన్యం పొలంలోనే లారీ ఎక్కుతుంది. ఆ కోత మిషన్లు నిలుపుకోవడానికి ముఖేష్ అనే ఆసామి మన కళ్లంలో షెడ్డు వేసుకుంటానని అడిగినాడు. నేను సమ్మతించితిని. నీ సంతకం కావలెను. కాగితాలు దీపావళికి పంపితిని. సంక్రాంతి కూడా వెళ్లినది.

ఆలస్యానికి కారణం మొన్న బయటపడినది. మా సుప్రియ ఫోనులో ఏదో టెన్నిస్ పోటీ చూస్తూ, "నాన్నా, రేవతత్త!" అని అరిచినది. చూడగా అంత పెద్ద మెట్ల వరుసలో ఒకే ఒక్క మనిషి. నెత్తిన తడి తువ్వాలు. ఆ మనిషి నా చెల్లెలు. తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువుల దగ్గర ఉండవలసిన ఇల్లాలు, మౌళి బావను మేత బస్తాల మధ్య వదిలి, కర్ణాటకలో ఎండకు కూర్చొని ఉన్నది. అది చాలదన్నట్టు ప్రతి పాయింటుకూ ఫోను నోటి దగ్గర పెట్టుకొని ఏదో గొణుగుతున్నది. ఆట చూస్తూ ఫోనులో గొణిగేవాళ్లు ఏ పని మీద ఉంటారో లోకానికి తెలుసు. పందేలు. మన వంశంలో ఇంతవరకు ఆ మచ్చ లేదు.

అమ్మను చూసి నేర్చుకో. ఆదిశేషమ్మ గారు ఈ వయసులో కూడా నడిమింట్లో ఫోను చెవికి ఆనించుకొని ప్రవచనం వింటున్నారు. మధ్యలో "అయ్యో" అనీ, "భలే" అనీ భక్తితో అంటున్నారు.

సంతకమూ సంజాయిషీ రెండూ వెంటనే పంపగలవు.

పెద్దవాడిగా రాయక తప్పనందున రాసిన
నరేంద్రబాబు


దావణగెరె, బస్టాండు ఎదుటి లాడ్జి,
2 ఫిబ్రవరి

అన్నా,

నీ ఉత్తరాన్ని మా ఆయన ఫోటో తీసి పంపినాడు. కవరు మీద నువ్వు ఎర్ర సిరాతో రాసిన "అత్యవసరం" చూసి, పోస్టుమాన్ ఎవరో పోయారనుకొని సంతాపం తెలిపి వెళ్లాడట. మేత బస్తాల మధ్య వదిలేశానని నువ్వు బాధపడుతున్న ఆ మనిషే నాకు ఇక్కడికి టికెట్టు తీసి పంపినాడు. కనుక ఆయన తరఫున నువ్వు బాధపడడం ఆపవచ్చు.

సంజాయిషీ అడిగావు. తీసుకో.

పోయిన ఏడాది ఆయన రొయ్యల మేత కంపెనీ మీటింగుకని మద్రాసు పోతే తోడు వెళ్లాను. నన్ను హోటల్లో కూర్చోబెట్టి ఆయన మీటింగుకు పోయినాడు. తోచక వీధిలోకి వస్తే పక్కనే టెన్నిస్ స్టేడియం, గేటు బార్లా తెరిచి ఉంది. టికెట్టు ఎంత అని అడిగితే వాచ్‌మన్ నవ్వాడు. లోపల ఇద్దరు ఆడపిల్లలు, ఒక అంపైరు. బంతులు ఏరి ఇచ్చే వాళ్లు కూడా లేరు. అవతల పడిన బంతిని ఆ పిల్లలే పోయి తెచ్చుకుంటున్నారు. గెలిస్తే ఒక పాయింటు వస్తుందట. ఆ పాయింటుతో పేరు ప్రపంచ పట్టికలో ఏ వెయ్యో నంబరు దగ్గరో ఎక్కుతుందట. రాత్రి పూట వాళ్ల మేజోళ్లు వాళ్లే ఉతుక్కుంటారు. పొద్దున కిటికీలో ఆరేసినవి తీసి, సగం తడివే వేసుకొని వస్తారు.

ఆ ఇద్దరిలో ఒకతి మన గూడూరు టౌను పిల్ల, గుల్నాజ్. వాళ్లమ్మ ఆమినాబీ మెట్ల మీద కూర్చొని ఎవరిదో రవికెకు చేత్తో హెమ్మింగ్ చేస్తోంది. కూతురు సర్వీసు చేసేటప్పుడు తల ఎత్తదు.

"ఏమైందక్కా? చెప్పు. నేను చూడను."

"పడింది. లోపలే పడింది."

"అల్లా. ఇప్పుడు?"

"ఇప్పుడు బయట పోయింది."

"అది చెప్పొద్దు. మంచివే చెప్పు."

ఆ పిల్ల బంతిని పైకి ఎగరేసినప్పుడు నా భుజం దానంతట అదే లేచింది. ఇరవై రెండో ఏట బ్యాటు కింద పెట్టినదాన్ని. టీవీలో ఆ ఆట వస్తే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. అన్నేళ్లూ నాకు చేతకాలేదనుకున్నాను గనుక.

మొదటి గేము అయింది. ఇద్దరు పిల్లలూ సంచులు దాటుకొని పక్కలు మారారు. మూడో గేము తర్వాత మళ్లీ మారారు. ఎందుకు అని ఆమినాబీని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "ఎండ ఒకరి కళ్లల్లోనే పడితే ఎట్టక్కా? గాలి ఒకరికే అయితే ఎట్టా? బేసి గేముకు మారాల్సిందే. అది ఆట."

నేను లేచి నిలబడ్డాను, అన్నా. ఆ ఖాళీ మెట్ల మీద. ఆనాటి నుంచి ఆ పిల్ల ఏ ఊర్లో ఆడితే ఆ ఊరికి పోతున్నాను.

మన కళ్లం గుర్తు చేస్తాను. నూర్పిళ్లు అయిపోయాక నాన్న పుట్టమన్నూ పేడా కలిపి అలికించేవాడు. సున్నంతో గీతలు, మైపాడు బెస్తవాళ్లు అల్లిచ్చిన వల. వానకు నీళ్లు నిలవకుండా కళ్లం సముద్రం వైపుకు వాలుగా ఉంటుంది. ఎగువన, పడమట, నువ్వు. దిగువన, తూర్పున, నేను. సాయంత్రం ఆట. పొద్దు నీ వీపు మీద, నా కళ్లల్లో. పక్కలు మారితే అలికిన నేల చెదురుతుందని నాన్న అన్నాడు. పెద్దవాడు ఎగువన ఉండాలని కూడా అన్నాడు. గెలిచినవాళ్లను నెల్లూరు కోచింగుకు పంపుతానన్నాడు. ఏటా నువ్వే గెలిచావు. కోచింగు నీకు. స్పోర్ట్స్ కోటా నీకు. ఆ కోటాలో ఉద్యోగం నీకు. ఆ ఉద్యోగం నేర్పిన భాషలోనే ఇవాళ నన్ను సంజాయిషీ అడుగుతున్నావు.

పక్కలు మారాలని నాకు తెలియదు. నీకు నెల్లూరులో మొదటిరోజే తెలిసి ఉంటుంది. తెలిసి, మరుసటి ఏడాది వచ్చి, మళ్లీ ఎగువనే నిలబడ్డావు.

నా షరతు ఇది. కళ్లంలో ఒక్క సెట్టు ఆడు. బేసి గేముకల్లా పక్కలు మారాలి. గెలిచినా ఓడినా, ఆట పూర్తయిన మరుక్షణం ఆ గట్టు మీదే నీ కాగితాల మీద సంతకం పెడతాను. కళ్లం పోతే పోనీ. ఆ ఆట ఆడకుండా మాత్రం పోకూడదు.

దిగువ పక్క
రేవతి


కోవూరు,
11 ఫిబ్రవరి

చెల్లెలు రేవతికి,

నీ సమాధానం అందినది. అందులోని స్వరం అభ్యంతరకరం. కీర్తిశేషులైన తండ్రిగారి నిర్ణయాల మీద ఇప్పుడు ఒక హెమ్మింగ్ చేసే ఆవిడ అభిప్రాయం తీసుకొనుట ఏ పద్ధతి?

కళ్లానికి వాలు ఉన్నదన్న నీ ఆరోపణను విచారించుటకై నిన్న సాయంత్రం నేను స్వయంగా బిందెడు నీళ్లు తీసుకొనిపోయి కళ్లం నడుమ పోసితిని. నీళ్లు ఒక విధమైన తూర్పు మొగ్గు కనబరచినవి. కొంతసేపటికి కాలువ గట్టు దాకా వెళ్లినవి. ఇది నీటి స్వభావమే తప్ప నేల స్వభావమని చెప్పజాలము. అమ్మ కుర్చీ వేయించుకొని కూర్చొని ఉండి, "ఏందిరా నరేంద్రా, నీళ్లు కూడా నీ చెల్లెలి పార్టీలో చేరినాయా?" అన్నారు. దీన్ని రికార్డు చేయుట లేదు.

నీవు ఆడదామంటున్న సెట్టు విషయం. నాకు మోకాలు ఉన్నది. నీ వయసు నీకు ఉన్నది. ఇద్దరమూ కళ్లంలో పరుగెత్తుతుంటే వీధి నవ్వును. కావున తిరస్కరించడమైనది.

పందేల అనుమానం ఇంకా తొలగలేదు. కేవలం నిఘా కోసమే నేను వారం రోజులుగా ఆ ప్రసారాలు చూస్తున్నాను. నిన్న గొణుగుడు మరింత ఎక్కువగా ఉన్నది. నిఘాలో భాగంగా గమనించినది ఒకటి: ఆ గుల్నాజ్ అనే అమ్మాయి బ్యాక్‌హ్యాండుకు బంతి రాగానే వెనక్కి పోతున్నది. ముందుకు రావలెను. రెండో సర్వీసుకు మోచేయి పడిపోతున్నది. ఎవరూ చెప్పడం లేదా? తల్లి తల ఎత్తదు, నువ్వు ఫోను దించవు. ఆ బిడ్డ గతి ఏమి? చూస్తున్నంతసేపూ నాకు మండిపోయినది.

ఇది ఆసక్తి కాదు. నిఘా.

నరేంద్రబాబు


తోటపల్లి గూడూరు,
23 ఫిబ్రవరి

అన్నా,

నేను పందెం కాసేది ఎవరితోనో పట్టుకోవాలనుకుంటే నీ నడిమింట్లోకి పో.

నీ ప్రసారం ఒక్క కోర్టుకే వస్తుంది. గుల్నాజ్‌ను నువ్వు చూసిన ఒకటి రెండు ఆటలు తప్ప ఎప్పుడూ మూల కోర్టులోనే వేస్తారు, అక్కడ కెమెరా ఉండదు. అందుకని ప్రతి పాయింటూ అమ్మకు ఫోనులో చెబుతాను. ఆ పిల్ల ఆట లేనప్పుడు నడిమి కోర్టులో ఎవరు ఆడితే వాళ్లది చెబుతాను. నీ కంట పడినది అదే. అమ్మ వింటున్న ప్రవచనం నేనే. ఆ "అయ్యో" డబుల్ ఫాల్టుకు. ఆ "భలే" ఏ దేవుడికీ కాదు, మొన్నటి క్రాస్‌కోర్టుకు. నీకు చెప్పొద్దని ఆమే అన్నది. "వాడికి చెబితే రిజిస్టర్డ్ పోస్టులో అనుమతి అడగాల మే" అన్నది.

నా మీద పందేల మచ్చ వేశావు. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోను. నా మీద నమ్మకం లేక ఒక ఆటను వారం రోజులు గుడ్లప్పగించి చూసినవాడివి, చిన్నప్పుడు ఎదుటి పక్కన నిలబడ్డ చెల్లెలు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒక్కసారి చూడలేకపోయావా?

మోకాలు ఉన్నదట. నాకు రెండున్నాయి. ఆడకపోతే సంతకం లేదు. నీ ముఖేష్‌ను మిషన్లు నీ నడిమింట్లో పెట్టుకోమను.

గుల్నాజ్ మోచేయి సంగతి చెప్పాను. "ఎవరు చూశారాంటీ?" అని అడిగింది. నా శత్రువు చూశాడని చెప్పాను.

రేవతి


తిరుచ్చి,
13 మార్చి

చెల్లెలు రేవతికి,

మనం నిన్న ఒకే మైదానంలో ఎదురెదురు మెట్ల మీద కూర్చొని, ఒకరినొకరు చూసి, మాట్లాడుకోలేదు. అది సరి అయిన పద్ధతే. మాట్లాడవలసినది ఉంటే ఇదిగో, ఉత్తరం ఉన్నది.

నేను తనిఖీ నిమిత్తం వచ్చితిని. సొంత సెలవు, సొంత బండి. తనిఖీలో తేలినవి: ఎండ ఉన్నది. కుర్చీ లేదు. మంచినీళ్లు ఎవరివి వారివే. ఆ పిల్లలు ఎవరూ చూడకపోయినా, ఎవరో లక్షమంది చూస్తున్నట్టే ఆడుతున్నారు. చప్పట్లు కొట్టేది మన ఇద్దరమే గనుక, నువ్వు కొట్టిన తర్వాత నేను కొట్టితిని. కలిపి కొట్టినట్టు ఎవరూ భావించరాదని జాగ్రత్త తీసుకొంటిని.

మధ్యాహ్నం ఆమినాబీ గారు ఒక డబ్బాలో నిమ్మకాయ పులిహోర తెచ్చి నా పక్కన పెట్టి, "అక్క పంపలేదన్నా, నేనే తెచ్చినా" అన్నారు. అడగకుండానే ఆ మాట ఎందుకన్నారో ఆలోచించగా, నువ్వే పంపినట్టు తేలినది. తిన్నందుకు రసీదుగా ఇది స్వీకరించగలవు.

ఇక మూడో సెట్టులో జరిగినది. గుల్నాజ్ కొట్టిన ఫోర్‌హ్యాండు గీత మీద పడినది. నా కళ్ల ముందు. అంపైరు బయట అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకొని వెనక్కి నడిచినది. ఆ నడక నేను చూడలేకపోతిని. లేచి, నిలబడి, "తప్పు! తప్పు! ఆ బిడ్డ కష్టం నీకు కనపడదా?" అని అరచితిని. తెలుగులో. తరువాత ఇద్దరు మనుషులు నన్ను మర్యాదగా గేటు వరకు సాగనంపినారు. మిగిలిన ఆట తడికె సందులోంచి నిలబడి చూసితిని. ఆమె ఓడిపోయినది.

రాత్రి నిద్ర పట్టలేదు. మోకాలి వల్ల కాదు.

నరేంద్రబాబు


తిరుచ్చి,
14 మార్చి

అన్నా,

నీ ఉత్తరం లాడ్జి కౌంటరులో ఇచ్చిపోయావు. నువ్వు పై అంతస్తులో, నేను కింద అంతస్తులో. సరే, ఇదీ పద్ధతే కాబోలు.

పరువు తీశావు. నువ్వు అరిచిన తర్వాత ఆ పిల్ల రెండు సర్వీసులు వలకు కొట్టింది. ఇన్నాళ్లుగా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న మెట్ల మీద, వచ్చిన మొదటిరోజే ఆఫీసు గది అనుకొని లేచి గద్దించావు. ఎగువన ఉన్నట్టు ఎక్కడైనా నిలబడగలవు నువ్వు.

ఆమినాబీ నీకు చెప్పమన్న మాట చెబుతున్నాను. "మీ అన్నకు చెప్పక్కా, ఇన్ని ఊర్లు తిరిగినా నా బిడ్డ కోసం అరిచినోడు ఆయనొక్కడే. చెప్పి, మళ్లా రావద్దని కూడా చెప్పు."

ఒక్కటి అడుగుతాను. దానికి ఉత్తరంలో జవాబు వద్దు. ఆ పిల్లకు జరిగిన అన్యాయం ఒక్క బంతిది. దానికే లేచి అరిచావే. నాకెవరు అరవాల?

కోతలు అయిపోతున్నాయి. ఏప్రిల్ మూడో వారం. పుట్టమన్ను మా ఆయన ట్రాక్టరులో పంపుతాడు. అలికించు.

రేవతి


కోవూరు,
18 మార్చి

చెల్లెలు రేవతికి,

అలికించడానికి ఉత్తర్వులు ఇవ్వడమైనది. ఏప్రిల్ 20, ఆదివారం, సాయంత్రం. బేసి గేముకల్లా పక్కలు మారవలెను. ముఖేష్‌ను కాగితాలతో సహా గట్టు మీద హాజరు కమ్మంటిని.

నరేంద్రబాబు


తోటపల్లి గూడూరు,
21 ఏప్రిల్

అన్నా,

నేను ఇంత కోపంతో ఎప్పుడూ కాగితం పట్టలేదు.

అయిదు నాలుగు. నా ఆధిక్యం. తొమ్మిది గేములు అయినాయి, పక్కలు మారాలి, పదో గేముకు నేను ఎగువకు పోవాలి, సర్వీసు నాది. ఒక్క గేము. వీధి వీధంతా గట్టు మీద ఉంది. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ముఖేష్ పెన్ను మూత కూడా తీసినాడు. అప్పుడు నువ్వు వలకు అడ్డంగా నిలబడి, బ్యాటు చంకలో పెట్టుకొని, "వెలుతురు చాలదు. ఆట నిలిపివేయడమైనది" అని ప్రకటించి ఇంట్లోకి పోయావు.

వెలుతురు చాలదా? బారెడు పొద్దు ఉండింది! మీ కళ్లంలో నాకు ఏనాడూ తక్కువ కానిది ఏదైనా ఉందంటే అది వెలుతురే!

ఓడిపోతానని తెలిసి ఆపావు. దిగువ పక్కన నువ్వు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు అందరూ చూశారు. నేనూ చూశాను. నీకు అది చాలు అనిపించి ఉంటుంది. నాకు చాలలేదు. నా గేము నాకు కావాలి. రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను. ఆడి, గెలిచి, సంతకం పెట్టి పోతాను.

ముఖేష్ మా ఆయనకు ఫోను చేసి, "సార్, ఇంతకీ నాకు ఇస్తారా, ఇవ్వరా?" అని అడిగాడట. మా ఆయన మేత టైము అయిందని పెట్టేశాడు.

రేవతి


కోవూరు,
25 ఏప్రిల్

చెల్లెలు రేవతికి,

నీ ఫిర్యాదును పూర్తిగా పరిశీలించి ఈ కింది ఉత్తర్వు జారీ చేయడమైనది.

తూర్పు పక్కన నిలబడినప్పుడు, సాయంత్రపు ఎండలో, ఎదుటివారి బంతి చాలా ఆలస్యంగా కనబడుతుందనీ, వాలుకు ఎదురు పరుగెత్తితే అడుగు అందదనీ గమనించడమైనది. దీనిపై వ్యాఖ్యానించేందుకు నాకు మాటలు లేవు. ఉన్నవి ఆఫీసు మాటలు. అవి దీనికి సరిపోవని తేలినది.

నేను ఓటమికి భయపడి ఆపితినన్నావు. ఆ అభిప్రాయాన్ని మార్చుకొనవలసిన అవసరం లేదు. ఆట పూర్తయిన మరుక్షణం సంతకం పెడతానన్నది నీవు. ముఖేష్ పెన్ను మూత తీసినదీ, ఆ పెన్నుతో ఈ కళ్లం పోవుననీ నేను కూడా చూచితిని. ఇంతకన్న వివరణ ఇవ్వజాలను.

ఆట పూర్తి కానందున సంతకం అడుగు హక్కు ఎవరికీ లేదు. కావున ముఖేష్‌ను వేరే స్థలం చూసుకొమ్మని రాతపూర్వకంగా తెలియజేయడమైనది. ఆయన, "ఇది ఏ చట్టంలో ఉందండీ?" అన్నాడు. ఇందులో ఉన్నది అని ఈ కాగితమే చూపితిని. అమ్మ చదివించుకొని విని, "ఒరే, అది గెలుచుకున్న ఆటను ఇట్టా కాగితాల్లో కట్టేస్తే దానికి ఒళ్లు మండదా?" అన్నారు. మండవలెను. మండినంత కాలం ఆడడానికి వచ్చును. ఈ వాక్యం నా అభిప్రాయం మాత్రమే, ఉత్తర్వులో భాగం కాదు.

ఉత్తర్వు: నిలిచిపోయిన సెట్టు ఏటా కోతలు అయిన తరువాత కొనసాగవలెను. ఏడాదికి ఒకే గేము. పదో గేముకు ఎగువ పక్క రేవతిది, సర్వీసు రేవతిది, దిగువ పక్క నాది. రెండు గేముల తేడా లేనిదే సెట్టు ముగియదు. టైబ్రేకు రద్దు. పదో గేమును నీవు గెలిచిన పక్షంలో అది పోయిన ఏడాది లెక్కలోకి వెళ్లిపోవును. సెట్టు మాత్రం అయిదు నాలుగు దగ్గరే ఉండును. ఎందుకని అడుగరాదు.

ఎవరైనా ఒకరు ఏ ఏడాది అయినా రాలేకపోతే, ఇక ఎన్నటికీ రాలేని స్థితి అయినా సరే, రెండవవారు గెలిచినట్టు ప్రకటించుకొనరాదు. వెలుతురు చాలనందున ఆట ఆగినట్టు భావించి, తమ పక్కన తాము నిలబడి ఉండవలెను.

ఇదే తుది నిర్ణయం. అప్పీలు లేదు.

నరేంద్రబాబు
(దిగువ పక్క)